ఫ్లాష్ లేని కెమెరా

రాయన్‌పాతా,
ఫిబ్రవరి 14, 2010

తమ్ముడు రోములోకు,

అక్క సెనోబియా దీవెనలు. ఉత్తరం చూడగానే ఎవరైనా పోయారేమోనని గుండె పట్టుకోకు. అందరం బతికే ఉన్నాం. మీ బావ ఫౌస్తో అయితే మరీ ఎక్కువగా బతికి ఉన్నాడు. అక్టోబరు ఎన్నికల్లో మేయరుగా నిలబడతాడట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చతోనే మొదలుపెట్టాడు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఊళ్లో సెల్‌ఫోనుకు సిగ్నల్ చౌరస్తా మధ్యలో, ఫౌంటెన్ గట్టెక్కితేనే వస్తుంది. అక్కడ నిలబడి నేను అరిచే మాట లిమాలో ఉన్న నీకంటే ముందు బెంచీల మీది ముసలాళ్లకు చేరుతుంది. ఇది వాళ్లకు చేరకూడని మాట. అందుకే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నాకొక కెమెరా కావాలి. డిజిటల్ ఎస్సెల్లార్. నవ్వకు. రొట్టెల బట్టీ దగ్గర జుట్టు నెరిసిన దానికి కెమెరా ఎందుకంటే, పెళ్లికి ముందు నాన్న కెమెరా మెడలో వేసుకుని నేను కొండలెక్కిన రోజులు నువ్వు ఎరుగుదువు. పైన సరస్సుంది కదా. జూన్ నెలలో తెల్లవారుతుండగా నీటి అంచు గడ్డకడుతుంది, తెల్లబాతులు ఆ అంచు మీద నడుస్తాయి, మంచుపొగ లేస్తుంది. ఆ ఫోటో నాకు కావాలి. అందులో ఒక్క మనిషీ ఉండకూడదు. చచ్చేలోగా అలాంటిదొకటి తీసి బట్టీ గోడకు తగిలించుకోవాలని ఉంది. అంతకంటే పెద్ద కోరిక లేదు.

నాన్న కెమెరా పోయినా లెన్సు ఇంకా నా దగ్గరే ఉంది, పిండి డబ్బాలో దాచాను. దాని మీదున్న అక్షరాలు, అంకెలు ఉన్నవున్నట్టు ఇంకో కాగితం మీద దించాను. దానికి సరిపడే కెమెరా చూడు. పాతదైనా, బరువైనా ఫర్వాలేదు, పిండి బస్తాలు మోసిన మెడ ఇది. వెనక తెర మీద చూస్తూ తీసేది మాత్రం వద్దు, పక్కనున్న ప్రతివాడూ తల దూరుస్తాడు. కన్ను ఆనించి చూసేదైతే నేనొక్కదాన్నే చూస్తాను. ఇక ముఖ్యమైన మాట. కెమెరా నెత్తిన ఫ్లాష్ ఉండకూడదు. ఇదే మొదటి మాట, ఇదే ఆఖరి మాట.

రొట్టెల మీద మిగిల్చింది డ్రైవరు చేతికే ఇచ్చాను. మీ బావకు తెలియకూడదు. మరదలు మరూహా మోకాలి నొప్పికి యూకలిప్టస్ ఆకు కట్టమను.

నీ అక్క,
సెనోబియా


లిమా,
మార్చి 2, 2010

ప్రియమైన అక్కకు,

తమ్ముడు రోములో నమస్కారాలు. ఇక్కడందరం క్షేమం. మరూహా మోకాలికి ఆకు కట్టింది. ఇల్లంతా దగ్గుమందు వాసన వేస్తోంది తప్ప నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయిన శనివారం కుట్టుమిషన్ల కొట్టు మూసి, ఊరి మధ్యలో పాత కెమెరాలమ్మే గ్యాలరీకి వెళ్లాను. మెట్ల కింద మాచుకా అనే ఆయన దుకాణం ఉంది. నీ కాగితం చూసి మనిషి మర్యాదగా సర్దుకుని కూర్చున్నాడు. “ఈ లెన్సు ఉన్నావిడ ఎవరయ్యా? దీన్ని అమ్మొద్దని చెప్పు” అన్నాడు. తర్వాత నీ షరతు చెప్పాను. “ఫ్లాష్ లేని కెమెరానా? కాళ్లు లేని గాడిదను కూడా అడుగు, తెప్పిస్తా” అని పక్క కొట్టువాళ్లను పిలిచి మరీ నవ్వాడు.

సంగతేమిటంటే అక్కా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొనే కెమెరాలన్నిటికీ ఫ్లాష్ ఉంటుంది. మీట నొక్కితే కప్ప నోరు తెరిచినట్టు పైకి లేస్తుంది. నాన్న లెన్సు ఆ చిన్నవాటికి బిగుస్తుంది గానీ అవి వెలుతురు కొలవవు, అంతా నువ్వే ఊహించుకోవాలి. ఫ్లాష్ లేనివి పత్రికలవాళ్లు వాడే పెద్దవి. కొన్నేళ్ల నాటిదొకటి అల్మారాలో ఉంది. ఇటుకంత ఉంది, మూలల్లో నల్లరంగు పోయి లోహం తేలింది. అది నాన్న లెన్సుతో చక్కగా పనిచేస్తుందట. కానీ ఇప్పటివాటి ముందు దాని బొమ్మ చిన్నది, పైగా చీకట్లో గుడ్డిదట. “మీ అక్కకు శత్రువైతే అది కొనిపెట్టు” అన్నాడు మాచుకా.

నాకొకటే అనుమానం. నా మీద భారం పడుతుందని తక్కువదానితో సరిపెట్టుకుంటున్నావా? చిన్నప్పుడు కూడా మంచి ముక్క నాకు వదిలేసి ఎముక నీకిష్టమనేదానివి. ఇంకొకటి. బావకు తెలియకూడదని ఎందుకు రాశావు? ఆయన నిన్నేమైనా అంటున్నాడా? కెమెరా అంటే ఒప్పుకోడా? నిజం రాయి. మా అమ్మాయి నోయెమికి ఒక కుర్రాడు ఫోన్లు చేస్తున్నాడు. ఎవరని అడిగితే ఆఫీసు పని అంటోంది. ఆదివారం కూడా ఆఫీసేనట.

నీ తమ్ముడు,
రోములో


రాయన్‌పాతా,
మార్చి 10, 2010

రోములో,

నీ ఉత్తరం అందింది. ఎముక నిజంగానే నాకిష్టం, ఇప్పటికైనా నమ్ము. ఆ ఇటుకనే కొను. ఈ ఒక్క వాక్యంతో ఆపేద్దామనుకున్నాను గానీ నువ్వు లిమా వెళ్లి మన ఊరి పద్ధతులన్నీ మరిచిపోయావు, అందుకే చెబుతున్నాను.

ఇక్కడ శుభకార్యం ఎవరింట్లో జరిగినా భారం ఊరంతా పంచుకుంటుంది. కేకు ఖర్చు మోసేందుకు ఒక పద్రీనో, ఉంగరాలకు ఒకడు, బ్యాండుకు ఒకడు. ఫోటోలకు ఒక ఆడమనిషి, మద్రీనా. నాన్న కెమెరా నా మెడలో ఉన్నన్నాళ్లూ ఆ మద్రీనాను నేనే. పెళ్లి, పుట్టువెంట్రుకలు, ఇంటికప్పు వేయడం, ఫుట్‌బాల్ జట్టు కొత్త చొక్కాలు, దేనికైనా నేనే. అడగడానికి ఎలా వస్తారో గుర్తుందా? పళ్లెం నిండా రొట్టెలు, వేయించిన కూయ్ మాంసం, పక్కన సీసా. గుమ్మంలో నిలబడి గ్లాసులో పోసి చేతికిస్తారు. అందుకుంటే ఒప్పుకున్నట్టే. అందుకోకపోతే వాళ్లింటికి అరిష్టం, మనకు అప్రతిష్ట. ఒకసారి అందుకుంటే బతికున్నంతకాలం వాళ్లకు చుట్టరికం కలిసిన కొమాద్రెవి, వాళ్ల పిల్లల పెళ్లిళ్లకూ నువ్వే. మీ బావ తన జీవితంలో ఏ గ్లాసునూ వెనక్కి పంపలేదు. ఆయన తాగాడు, నేను ఫోటోలు తీశాను.

రీలుకు ముప్పై ఆరు. ముప్పై ఆరింటిలోనూ ముక్కులే. కొండ మీదికి ఒకటి రెండు మిగుల్చుకుందామంటే, “కొమాద్రె, మా అత్తగారిది ఒక్కటి తీయవా, పోయేలోగా” అని ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు. ఆ అత్తగారు ఇప్పటికీ పోలేదు. ఒకసారి ఎలాగో సరస్సు ఫోటో తీసి ఎదురింటి బసీలియాకు చూపించాను. “ఇందులో ఎవరున్నారు?” అంది. ఎవరూ లేరన్నాను. “అయ్యో, వృథా అయిపోయింది పాపం” అని నన్ను ఓదార్చింది. ఇక నావల్ల కాలేదు. కెమెరా అమ్మేసి బట్టీకి ఇటుకలు కొన్నాను. చెడిపోయిందని ఊరికి చెప్పాను.

అందుకేరా ఫ్లాష్ వద్దంటున్నది. మన పెళ్లిళ్లన్నీ చీకటి హాళ్లలోనే కదా. చీకట్లో గుడ్డిదైన కెమెరా ఉంటే, “ఇది మీకు పనికిరాదమ్మా, బాతులకు మాత్రమే” అని ధైర్యంగా చెప్పొచ్చు. నాకు కాదనడం చేతకాదు. నా బదులు ఆ కెమెరా కాదంటుంది.

మీ బావ మంచివాడే. నన్నేమీ అనడు. తెలిస్తే సంతోషిస్తాడు, అదే నా భయం. ఓట్ల కాలం ఇది.

సెనోబియా


లిమా,
ఏప్రిల్ 5, 2010

అక్కా,

నెల దాటినా నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కొండచరియ విరిగి దారి మూసుకుపోయిందన్నారు, బస్సులు అటు చుట్టూ తిరిగి వెళుతున్నాయన్నారు. కానీ నా మనసు వేరేగా అనుకుంది. బావ సంగతి అడిగినందుకే నువ్వు రాయలేకపోయావనుకున్నాను. రెండు వారాలు నిద్ర సరిగా లేదు.

అంతలో బావే వచ్చాడు, పార్టీ కాగితాల పని మీద. భోజనానికి పిలిచాను. మరూహా వంటింట్లోకి వెళ్లగానే ఉండబట్టలేక అడిగేశాను. “మా అక్క ఒక కెమెరా కొనుక్కోవడానికి కూడా నీకు భయపడుతోంది బావా. ముప్పై ఏళ్లు నీకు రొట్టె పెట్టిన మనిషి. ఇదేం మర్యాద?” అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టేశాడు. “నేనంటే భయమా? నా సెనోబియాకా?” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. అన్నం కూడా పూర్తి చేయలేదు, పద వెళదాం అని లేచాడు. మాచుకా దగ్గరికి వెళ్లాం. నువ్వడిగిన ఇటుకను కూడా చూపించాను, నా తప్పేం లేదు. బావ చేతిలోకి తీసుకుని, “ఇదా నా భార్యకు? శవాలబండిలా ఉంది” అన్నాడు. కొత్తది తీసుకున్నాడు. దగ్గరకీ దూరానికీ జరిగే లెన్సు, కప్పనోరు ఫ్లాష్, అది చాలదని పైన బిగించే ఇంకో పెద్ద ఫ్లాష్. సగం నువ్వు పంపిందీ, సగం ఆయనదీ. మాచుకా మొదటిసారి లేచి నిలబడి తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఈ ఉత్తరం బావ చేతికే ఇస్తున్నాను. ఇక నువ్వు ఎవరికీ భయపడనక్కర్లేదు. నాకు గుండెల మీది బరువు దిగినట్టుంది.

నీ తమ్ముడు,
రోములో


రాయన్‌పాతా,
ఏప్రిల్ 25, 2010

రోములో,

నీ ఉత్తరం, కెమెరా, మీ బావ ఒకే బస్సు దిగారు. నేను మార్చిలో రాసింది ఇంకా ఏ కొండ వెనకో ఉన్నట్టుంది. అది చేరాక చదువుకుని ఏడువు.

కొత్త లారీ కొంటే బాప్తిస్మం చేస్తారు కదా, మీ బావ కెమెరాకు చేశాడు. చౌరస్తాలో బ్యాండు పెట్టించాడు. ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లబోయాడు. నేను ఏప్రన్ కప్పాను. “దైవానికి అడ్డమా తల్లీ?” అన్నాడు. “దైవానికి కాదు ఫాదర్, నీళ్లకు” అన్నాను. జనం నవ్వారు, నేనేదో సరదాగా ఉన్నాననుకున్నారు. కెమెరాకు పద్రీనో ఎవరనుకున్నావు? నువ్వే. నువ్వు లేవు గనక నీ తరఫున పార్టీ కార్యదర్శి గ్లాసెత్తాడు. రంగు కాగితాల ముక్కలు లెన్సు సందుల్లోకి వెళ్లాయి, సూదితో ఒక్కొక్కటే తీశాను.

ఆ తర్వాత మీ బావ బల్ల ఎక్కి, “నా భార్య కెమెరా ఈ ఊరి కెమెరా” అన్నాడు. చప్పట్లు. పళ్లేలు ఒకటి తర్వాత ఒకటి రావడం అక్కడే మొదలైంది. ఆయన గ్లాసు మీద గ్లాసు అందుకుంటుంటే నేను పక్కన నిలబడి నవ్వుతూ ఉన్నాను. నవ్వకపోతే బాగుండదు కదా. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా బతుకు. ఆ డోలు వాయించేది కూడా నేనే.

మీ బావ ఇంటికొచ్చి నా చేయి పట్టుకుని, “నువ్వు నాకెందుకు భయపడ్డావే?” అని అడిగాడు. ఆ ముఖం చూసి నాకేమీ చెప్పబుద్ధి కాలేదు. నీ మీద కోపం ఆయన మీదికీ, ఆయన మీది కోపం రొట్టెపిండి మీదికీ పోయింది.

నీకు నా మీద ప్రేమ ఉందని తెలుసు. నేనడిగింది ప్రేమ కాదు, ఫ్లాష్ లేని కెమెరా.

సెనోబియా


లిమా,
మే 9, 2010

అక్కకు, తలెత్తలేని తమ్ముడు రాయునది.

నీ రెండు ఉత్తరాలూ వారం తేడాతో వచ్చాయి, కొత్తది ముందు, పాతది వెనక. మార్చి ఉత్తరం దుకాణంలో కూర్చుని చదివాను. మిషను బాగు చేయించుకోవడానికొచ్చినావిడ ఏమైంది బాబూ అని అడిగింది. మా అక్కకు మేలు చేశానమ్మా అన్నాను.

ఇప్పుడు చేయగలిగింది ఆలోచించాను. కర్ర విరగకుండా, పాము చావకుండా ఒక దారి ఉంది. పెద్ద ఫ్లాష్ పాడైందను. బ్యాటరీ నిలవడం లేదను. నెమ్మదిగా వాళ్లే మానేస్తారు. ఆ ఇటుక ఇంకా మాచుకా అల్మారాలోనే ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. మార్పిడికి ఒప్పుకుంటానన్నాడు. కానీ బావ అంత ముచ్చటపడి కొన్నది ఇప్పుడే తిరిగిచ్చేస్తే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? ఎన్నికలయ్యేదాకా ఓర్చుకో అక్కా. ఆ తర్వాత అంతా సద్దుమణుగుతుంది.

ఒక శుభవార్త. నోయెమి ఆఫీసు పని ఏమిటో బయటపడింది. కుర్రాడిది అరెకిపా. వాళ్లమ్మ చాలా పద్ధతైన మనిషి, కాఫీ కప్పు కింద పళ్లెం లేకుండా పట్టుకోదు. సెప్టెంబరులో పెళ్లి.

నీ తమ్ముడు,
రోములో


రాయన్‌పాతా,
జులై 4, 2010

తమ్ముడికి,

నోయెమికి ముద్దులు. కుర్రాడి ఫోటో పంపు, ఎవరైనా తీసిందే పంపు.

నీ సలహాలు పాటించాను. బ్యాటరీ నిలవడం లేదన్నాను. మీ బావ హౌహా వెళ్లి ఇంకో మూడు కొనుక్కొచ్చాడు. ఫ్లాష్ పాడైందన్నాను. పార్టీవాళ్లు పెళ్లిహాలంతా దీపాలు కట్టించారు, పగలు కూడా అంత వెలుతురు ఉండదు. ఈ కెమెరాకు రీలు అయిపోవడం కూడా లేదు. ఇదివరకు ముప్పై ఆరు తర్వాత కనీసం చేతులు దించేదాన్ని.

జూన్‌లో మంచు పడగానే కెమెరా శాలువాలో చుట్టుకుని చీకటితోనే బయల్దేరాను. చౌరస్తా దాటేలోగానే ముగ్గురు ఎదురయ్యారు. “సరస్సుకేనా మద్రీనా? మేమూ వస్తాం, వెనకాల నీళ్లుంటే ఫోటో బాగుంటుంది.” పైకి చేరేసరికి డజను మంది, ఒక సాక్సాఫోను. బాతులు లేచిపోయాయి. ఇంకోరోజు మీ బావ కొత్త పోంచో వేసుకుని ముందే వచ్చి నిలబడ్డాడు, పోస్టరుకు. ఇప్పుడు ఊళ్లో ప్రతి గోడ మీదా నా సరస్సు ఉంది, ఆయన చెవుల వెనక.

పోయిన బుధవారం బసీలియా వచ్చింది. పళ్లెం, సీసా. మీ బావ ఇంట్లో లేడు.

“ఆదివారం మనవడికి పుట్టువెంట్రుకలు తీస్తున్నాం కొమాద్రె. ఫోటోలు నీవే” అని గ్లాసు నింపి చాపింది. నేను అందుకోలేదు.

“చేతికి పిండుందా? పట్టుకుని ఉంటాలే, కడుక్కునిరా.”

“కడుక్కున్నాను. తీయనమ్మా.”

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది.”

“పోనీ ఎన్నికలయ్యాక పెట్టుకుంటాం. జుట్టేం పారిపోదు.”

“అప్పుడూ తీయను.”

“మరి ఆ కెమెరా ఎందుకు?”

“నాకోసం.”

నేను ఆ మనవణ్ణి తిట్టినా ఆవిడ అంత బాధపడేది కాదు. గ్లాసులోది మళ్లీ సీసాలోకి పోయడానికి చూసింది, సగం నేలపాలైంది. పరిగెత్తి వెళ్లి తీస్తానని చెబుదామని గుమ్మం దాకా వెళ్లాను. అక్కడే తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. “ఒక్క వెంట్రుకకు ఎన్ని ఓట్లుంటాయో తెలుసా నీకు?” అన్నాడు మీ బావ. అప్పట్నుంచి మాట్లాడటం లేదు, పక్క ముందుగదిలోకి మార్చుకున్నాడు. రొట్టెలు కొనడానికి హౌహా నుంచి వచ్చే లారీవాళ్లు తప్ప ఎవరూ రావడం లేదు.

శనివారం చీకటితో మళ్లీ బయల్దేరాను. చౌరస్తాలో మనుషులున్నారు. నన్ను చూసి ముఖాలు తిప్పుకున్నారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, ఒక్కరూ వెంట రాలేదు. పైన నాన్న లెన్సు బిగించాను. వెలుతురు కొలవదని నువ్వన్నావు కదా, మొదటివన్నీ సున్నంలా తెల్లబడిపోయాయి, చెరిపేసి మళ్లీ తీశాను. బాతులు నా వైపు చూడనైనా లేదు. ఒకదాని వెనక ఒకటి మంచు అంచు మీద నడుచుకుంటూ వెళ్లాయి. తీశాను. మనిషి నీడ కూడా లేదు.

హౌహాలో అచ్చు వేయించి నీకొకటి పంపుతున్నాను. సంతోషంగా ఉంది రోములో, ఇంత సంతోషపడి ఎన్నేళ్లయిందో. ఇంటికి తిరిగొస్తే పలకరించే మనిషి లేడు, అదీ నిజమే. నువ్వొక్కడివి ఉన్నావు, నీకు రాసుకుంటున్నాను.

నీ అక్క,
సెనోబియా


లిమా,
ఆగస్టు 15, 2010

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరం చదివి మరూహా ఏడ్చింది. నీ ఫోటో ముందుగదిలో పెట్టాం. నువ్వు పడ్డ బాధ నాకర్థమైంది. ఊరివాళ్లకేం, వాడుకుంటారు, మళ్లీ వాళ్లే ముఖం తిప్పుకుంటారు. పరాయివాళ్ల కోసం ఇన్నేళ్లు చేసింది చాలు. ఇకనైనా నీ వాళ్ల కోసం చేసుకో.

పోయిన ఆదివారం వియ్యపురాలు వచ్చి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. ఎవరు తీశారంది. మా అక్క అన్నాను గర్వంగా. “బాతుల్నే ఇంత అందంగా తీసిన మనిషి, పెళ్లికూతుర్ని ఇంకెంత అందంగా తీస్తుందో” అంది. ఆ మాటతో మా ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. అక్కా, నోయెమి పెళ్లికి ఫోటోల మద్రీనావు నువ్వే. సెప్టెంబరు పద్దెనిమిదిన. వియ్యపురాలికి అప్పుడే మాటిచ్చేశాను, ఆవిడ అరెకిపాలో అందరికీ చెప్పేసిందట. నోయెమి ఎగిరి గంతేసింది.

పళ్లెం పట్టుకుని నీ గుమ్మంలోకి రావాల్సినవాణ్ణి. కొట్టు వదిలి రాలేక, పద్ధతి ప్రకారం పెట్టెలో పంపుతున్నాను. ఎండుద్రాక్ష కేకు, మంచి పిస్కో సీసా. మూత తీసి ఒక గుక్క తాగు, నేను పక్కనే నిలబడ్డాననుకో. ఊరు వేరు, రక్తం వేరు. రక్తానికి నువ్వు కాదనవని నాకు తెలుసు.

నీ తమ్ముడు,
రోములో


రాయన్‌పాతా,
ఆగస్టు 29, 2010

తమ్ముడూ,

నీ పెట్టె అందింది. కేకు తినలేదు, సీసా మూత తీయలేదు. రెండూ ఈ ఉత్తరంతోనే తిరిగి వస్తున్నాయి. “అడ్రసు తప్పా అమ్మా?” అని డ్రైవరు అడిగాడు. కాదన్నాను.

తీయను రోములో. ఈ మాట నీకు రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో చెప్పలేను. బసీలియాకు చెప్పడం దీనికంటే తేలిక. ఊరు ముఖం తిప్పుకున్నప్పుడు నువ్వున్నావులే అనుకున్నాను. నీకు కాదంటే ఇక ఎవరూ లేరు. అది తెలిసే రాస్తున్నాను.

రక్తం వేరన్నావు. నాకిది మొదలైందే రక్తంతో. నీ పెళ్లి ఆల్బం తీసి చూడు. మేనమామలున్నారు, బ్యాండువాళ్లున్నారు, వంటవాళ్లున్నారు, బల్ల కింద కుక్క కూడా ఉంది. నేను లేను. ఆ రోజు నేను ఏ రంగు బట్టలు వేసుకున్నానో నీకు గుర్తుందా? నాకూ లేదు, చూసుకుందామంటే ఫోటో లేదు. అమ్మ తన పక్కన కుర్చీ చూపించి, “ఒక్కసారి వచ్చి కూర్చోవే” అంది. ఇది కాగానే వస్తానన్నాను. తర్వాత కేకు కోశారు, తర్వాత నీ స్నేహితులు వచ్చారు, తర్వాత రీలు అయిపోయింది. అమ్మ పక్కన నేనున్న ఫోటో ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదురా. ఉన్నవన్నీ నేను తీసినవే.

నువ్వు చెడు తలపెట్టి అడగలేదు. మీ బావా చెడు తలపెట్టలేదు, బసీలియా కూడా. ఎవరూ ఎప్పుడూ చెడు తలపెట్టలేదు కాబట్టే ఇన్నేళ్లు నోరు విప్పలేకపోయాను. వియ్యపురాలికి ఏం చెప్పాలో తెలియకపోతే, మా అక్కకు పొగరని చెప్పు. ఫోటోలకు ఆ మాచుకాను పిలువు, ఫ్లాషంటే ప్రాణం ఆయనకు.

పెళ్లికి మాత్రం వస్తున్నాను. మీ బావనూ రమ్మన్నాను, వస్తాడో లేదో తెలియదు. పదహారో తేదీ బస్సు ఎక్కుతాను. బస్టాండులో నువ్వు కనిపిస్తే నాకంటే అదృష్టవంతురాలు ఉండదు. కనిపించకపోతే కోపం వచ్చిందనుకుంటాను, ఆ కోపం నీ హక్కు. అప్పుడు కూడా చర్చికి దారి అడుగుతూ వస్తాను. వేడివేడిగా తింటాను, మోకాళ్లు ఒప్పుకుంటే ఆడతాను. ఫోటోలు తీసే ఆయన పెళ్లికూతురి మనుషులంతా రండి అని కేకేసినప్పుడు లేచి వస్తాను. నువ్వు పిలవకపోయినా వచ్చి నోయెమి పక్కన నిలబడతాను, వట్టి చేతులతో.

నీ అక్క,
సెనోబియా